పగడాలకు ఆదివారం సెలవు

మా అపార్ట్‌మెంటు విశాఖపట్నంలో సముద్రానికి దగ్గర. ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లంతా రిటైరైన ప్రభుత్వాధికారులు. నేను అధికారిని కాను. మా ఆవిడ ఇందుమతి సబ్ రిజిస్ట్రారుగా రిటైరైంది. నేను స్టేషనరీ దుకాణం నడిపి మూసేశాను. అందుచేత ఇక్కడ నా హోదా, ఆవిడ మీద ఆధారపడిన భర్త. కొత్తగా పరిచయమైన ప్రతి పెద్దమనిషీ "తమరు ఏ కేడర్లో దిగిపోయారు?" అని అడుగుతాడు. దుకాణం అని చెప్పగానే ఆకాశం వైపు చూసి, ఈసారి వానలు ఆలస్యమయ్యేలా ఉన్నాయంటాడు.

రిటైరైన అధికారికి పెన్షనొస్తుంది, కరువు భత్యమొస్తుంది, మోకాళ్ల నొప్పులొస్తాయి. ఫైలు మాత్రం రాదు. ఆ లోటు ఎంతటిదో పక్కనుండి చూస్తే గాని తెలియదు. మా పై అంతస్తు పెద్దమనిషొకాయన పొద్దున్నే పేపరు చదివి, చివరి పేజీ మూల "చూడడమైనది" అని రాసి సంతకం చేసి భార్యకు పంపిస్తాడు. ఆవిడ విద్యాశాఖలో చేసిన మనిషి కనుక తేదీ వెయ్యలేదని వెనక్కి పంపిస్తుంది. వాళ్ల కాపురం అన్యోన్యంగానే ఉంటుంది.

మా సంఘానికి అధ్యక్షులు కొండబోలు విశ్వపతి గారు. మున్సిపాలిటీలో వీధిదీపాల విభాగానికి పెద్ద ఇంజనీరుగా పనిచేశారు. సగం నగరానికి తానే వెలుగిచ్చానని చెబుతుంటారు. మిగతా సగం నగరం చీకట్లో ఎందుకుండిపోయిందని ఎవరూ అడగరు. సంఘానికి కార్యదర్శి మా ఆవిడే.

పోయిన వినాయక చవితికి మూడో అంతస్తువాళ్ల మనవడు కిటికీకి రంగుల లైట్లు కట్టాడు. అవి ఆరుతూ వెలుగుతూ ఉంటే ఎదురు బ్లాకాయనకు కళ్లు తిరిగాయి. తీసెయ్యమంటే తీసేసేవాడే. కానీ చెప్పి తీయించడం పరిపాలన అనిపించుకోదు. కాబట్టి సర్వసభ్య సమావేశం జరిగి తీర్మానమొకటి వెలువడింది: "భవన సముదాయమునందలి ఏ గవాక్షము ద్వారానైనను వెలుపలికి కానవచ్చు ఏ కొత్త వెలుగైనను సంఘము వారి ముందస్తు అనుమతి లేనిదే వెలిగింపరాదు. అతిక్రమించిన యెడల సదరు ఫ్లాటు ఫ్యూజు తొలగింపబడును." ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు వచ్చే వెలుగు దీని కిందికి వస్తుందా అని ఒకరు సందేహం లేవనెత్తారు. పాత ఫ్రిజ్‌లకు మినహాయింపు, కొత్త ఫ్రిజ్‌లకు దరఖాస్తు అని వివరణ వచ్చింది. అందరూ చాలా రోజుల తరువాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు.

ఇదంతా మా ఎదుటి ఫ్లాటు సువర్చలకు తెలియదు. ఆ ఫ్లాటు వాళ్ల నాన్నగారిది. సహకార శాఖలో చేసిన దివాకరం గారు. ఆయన పోయాక ఆ అమ్మాయికి వచ్చింది. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పొద్దున్న వెళితే సాయంత్రానికి వస్తుంది. రోజంతా మూలిగే మోకాళ్ల మధ్య గడిపి, ఇంటికొచ్చి, మూలగని వాటి ముందు కూర్చుంటుంది. అవి పగడాలు.

పగడాలంటే ఉంగరంలో పొదిగించుకునేవి కావు, బతికున్నవి. హాల్లో కిటికీ పక్కన పెద్ద గాజు తొట్టి, అందులో ఉప్పునీళ్లు, రాళ్లు, ఆ రాళ్లకు అతుక్కుని పగడాలు. ఒకటి ఊదా రంగులో సన్నటి వేళ్లన్నీ ఒక్క దిక్కుకే ఊపుతుంటుంది. ఇంకొకటి పాచి రంగులో ఉండి మధ్యలో నారింజ చుక్కలతో ఉంటుంది. ఇవి సముద్రంలోంచి పీకి తెచ్చినవి కావని, ఇళ్లలో పెంచేవాళ్ల దగ్గర ముక్క తెచ్చి పెంచుకున్నవని ఆ అమ్మాయి మొదటిరోజే చెప్పింది. ఊదా పగడం వచ్చినప్పుడు బొటనవేలి గోరంత ఉండేదట. ఆరేళ్లకు అది పళ్లెమంత అయింది.

సాయంత్రాలు నేను అక్కడికి వెళ్లి కూర్చునేవాణ్ణి. ఈ మొత్తం అపార్ట్‌మెంట్లో నన్ను ఏ కేడరని అడగనివి ఆ పగడాలొక్కటే. నాకు వాటి మీద ప్రేమ కలిగింది. ఈ వయసులో ప్రేమ అనే మాట వాడడానికి నాకేం సిగ్గు లేదు.

ఈ పగడాలకు ప్రాణం వెలుగులో ఉంది. వాటి ఒంట్లో కంటికి కనపడనంత నాచు కాపురముంటుంది. వెలుగు తగిలితే ఆ నాచు వండుతుంది, పగడం తింటుంది. వెలుగు లేకపోతే పొయ్యి వెలగదు. సముద్రం లోతుల్లోకి దిగేది ఎక్కువగా నీలపు వెలుగే కనుక వాటికి కావలసిందీ అదే. ఆ ఏడాది సువర్చల తొట్టి మీద లైటు పాతబడిపోయి, నీలపు బల్బులు ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలుపెట్టాయి. పగడాల వేళ్లు కురచనయ్యాయి. ఆ పిల్ల నెలరోజులు వాళ్లనీ వీళ్లనీ అడిగి, పోల్చి, తేల్చుకుని కొత్త లైటు తెప్పించింది. ఉన్నపళంగా మొత్తం వెలుగు పడితే పగడాలు తట్టుకోలేవట. అందుకని మొదట మసకగా వెలిగించి, వారాల మీద కొంచెం కొంచెం పెంచుకునే ఏర్పాటు ఆ లైటులోనే ఉంది.

బిగించిన సాయంత్రం నేనక్కడే ఉన్నాను. తీర్మానం సంగతి నాకూ గుర్తురాలేదు. గదంతా తెల్లవారుజాము రంగులోకి మారింది. కాసేపటికి ఊదా పగడం ఒక్కొక్క వేలే చాపడం మొదలుపెట్టింది. సువర్చల నా వైపు చూడకుండా, "బాబాయిగారూ, ఆకలేసినట్టుంది దీనికి" అంది. ఆ మాట అంటుండగానే కరెంటు పోయింది.

కిటికీలోంచి చూస్తే ఎవరింట్లోనూ పోలేదు. కింద మీటర్ల గది ముందు విశ్వపతి గారు ఫ్యూజు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన మొహంలో నేనెన్నడూ చూడని కాంతి కనిపించింది.

ఫ్యూజు పోతే లైటొక్కటే కాదు, తొట్టిలో నీళ్లు తిప్పే మోటారు కూడా ఆగుతుంది. నీళ్లు కదలకపోతే పగడాలకు ఊపిరాడదు. సువర్చల కిందికి పరిగెత్తి, తెలియక వేశానని చెప్పి, బతిమాలి, లైటు దించేసింది. ఫ్యూజు తిరిగొచ్చింది. మర్నాడు కార్యవర్గం వచ్చి కొత్త లైటును దాని అట్టపెట్టెలోనే పెట్టించి, పురికొసతో కట్టించి, ముడి మీద లక్క కరిగించి సీలు వేసింది. ఆ ముద్ర మా ఆవిడ ఆఫీసు రోజుల నుంచి ఇంట్లో దాచుకున్నది. సీలు పడ్డాక పెట్టెను తొట్టి పక్కనే పెట్టారు.

"భయపడకమ్మా, నిషేధమేమీ కాదు. దరఖాస్తు పెట్టుకో, తగు పరిశీలన మీదట అనుమతిస్తాం" అన్నారు విశ్వపతి గారు. నిజంగానే దయతో అన్నారు. పెద్దాయన మంచివాడు. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరని ఇప్పుడే చెప్పేస్తున్నాను, వెతికి శ్రమపడకండి.

దరఖాస్తు పెట్టిన రోజు మా అపార్ట్‌మెంట్లో పండగ. బీపీ మాత్రలు మానేసినవాళ్లున్నారు. చేతికర్ర వదిలేసి మెట్లెక్కి వచ్చినవాళ్లున్నారు. అట్టకు తాడు కట్టిన అసలైన ఫైలు చూసి ఒకాయన దాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకుంటానని అడిగాడు.

మొదటి ప్రశ్న ఏ శాఖ అని. ఏ లైటు వెయ్యాలో తేల్చాలంటే అది ఏమిటో ముందు తేలాలి. పశుసంవర్ధక శాఖలో చేసిన డాక్టర్ ఎర్రంశెట్టి బాపిరాజు గారు ఇది ముమ్మాటికీ పశువేనన్నారు. నోరుంది, మేత వేస్తే తింటుంది. ఉద్యానశాఖలో చేసిన దుర్భాకుల సోమసుందరం గారు ఒప్పుకోలేదు. ఉన్నచోటు నుంచి కదలదు, కొమ్మలు వేస్తుంది, ముక్క తుంచి నాటితే బతుకుతుంది, వెలుగు తిని పెరుగుతుంది, ఇది మొక్క కాకపోతే తన సర్వీసు మొత్తం దండగన్నారు. ఇద్దరూ ఆవేశపడి ఒకరి శాఖలో ఒకరు జరిగిన పాత కుంభకోణాలు గుర్తుచేసుకున్నారు.

సువర్చలను పిలిచి అడిగారు. ఒళ్లు జంతువుదని, లోపల నాచు ఉందని, రెండూ కలిసే బతుకుతాయని ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ద్వంద్వ హోదా నిబంధనల్లో లేదమ్మా" అన్నారు విశ్వపతి గారు. "ఏదో ఒక శాఖకు చెందాలి. లేకపోతే రేపు ఆడిట్లో ఎవరు సమాధానం చెబుతారు?"

మాకు ఆడిట్ లేదు. ఆ సంగతి నేనంటే మా ఆవిడ కళ్లతోనే నన్ను ఆధారపడిన భర్త స్థానంలో కూర్చోబెట్టింది.

చివరికి రాజీ కుదిరింది. తుది నిర్ణయం వచ్చేదాకా పగడాలు సోమ, బుధ, శుక్రవారాలు పశువులుగానూ, మంగళ, గురు, శనివారాలు మొక్కలుగానూ పరిగణింపబడతాయి. పశువైన రోజుల్లో కోడిపిల్లలకు వెచ్చదనం కోసం పెట్టే పసుపు బల్బు వేలాడదీస్తారు. మొక్కైన రోజుల్లో నర్సరీల్లో వాడే పచ్చవల కిటికీకి కట్టి, పడినంత ఎండ పడనిస్తారు. ఆదివారం ప్రభుత్వ సెలవు కనుక ఏ వెలుగూ ఉండదు. రెండో శనివారం కూడా సెలవేనా అని సోమసుందరం గారు అడిగారు. ఆ రోజు ఆయన శాఖ వంతు కనుక సెలవు వదులుకోవడం ఆయనకిష్టం లేదు. సెలవేనని తీర్మానించారు.

ఏర్పాటు నడిచింది. సోమవారం పసుపు బల్బు వేడికి నీళ్లు కాగినట్టయ్యేవి. మంగళవారం వల నీడన తొట్టి గుహలా ఉండేది. ఆదివారం సువర్చల చీకట్లో తొట్టి ముందు కూర్చునేది. ఊదా పగడం వేళ్లు ముడుచుకుని పిడికిలిలా అయిపోయింది. లక్క సీలున్న పెట్టె పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఓ పూట నేను ఉండబట్టలేక సీలు తెంచేద్దామన్నాను. ఆ అమ్మాయి కింద మీటర్ల గది వైపు చూపించింది. విశ్వపతి గారు అక్కడ కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. ఈమధ్య ఆయన అక్కడే చదువుకుంటున్నారు.

"మోటారు ఆగితే ఒక్క రాత్రిలో పోతాయి బాబాయిగారూ. ఇలాగైతే ఇంకొన్నాళ్లయినా ఉంటాయి" అంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని చిన్నప్పుడు చదువుకున్నాను. ఇక్కడ పిల్లి కూడా ఎలుక క్షేమం కోరే పాటుపడుతోంది. అందుకని ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిసేది కాదు.

పగడాలు నీరసించాయని అర్జీ పెడితే సంయుక్త తనిఖీ జరిగింది. పదకొండుమంది వచ్చారు. సువర్చల ఉప్మా చేసింది. అధికారులు జీడిపప్పు ఏరుకుంటూ తొట్టి చుట్టూ తిరిగారు. బాపిరాజు గారు అద్దం మీద వేళ్లతో తట్టి, పశువు ఉత్సాహంగానే ఉందన్నారు. సోమసుందరం గారు ఆకురాలే కాలం అయివుంటుందన్నారు. పశువుల రోజుల్లో ఆరోగ్యం బాగుండి మొక్కల రోజుల్లో దెబ్బతింటోందని ఒకరు, కాదు, దానికి తలకిందులని ఇంకొకరు వేరువేరు నివేదికలిచ్చారు. రెండూ ఆమోదింపబడ్డాయి.

సువర్చలకు అక్కడే ఓపిక పోయింది. అరవలేదు, ఏడవలేదు. మా ఆవిడ దగ్గరికొచ్చి, "పిన్నిగారూ, ఏదో ఒక లైటు శాశ్వతంగా ఇవ్వమనండి. ఏదైనా సరే. రోజుకోటి మార్చొద్దని చెప్పండి" అంది. మా ఆవిడ ఆ మాటను ఉన్నదున్నట్టే రాసి సమర్పించింది. ఆపదలో ఉన్న మనిషి అన్న "ఏదైనా సరే" అనే మాట ఆఫీసులో ఎంత ప్రమాదకరమో ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్న మా ఆవిడకు కూడా తట్టలేదు.

విశ్వపతి గారు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. పశువా మొక్కా అన్నది తరువాత తేల్చుకుందాం, వెలుగన్నది మాత్రం నిస్సందేహంగా తన శాఖ అన్నారు. సర్వీసులో ఉండగా మిగిలిపోయిన వీధిదీపమొకటి ఆయన స్టోర్ రూములో భద్రంగా ఉంది. నాలుగు రోడ్ల కూడలికి సరిపోయేది. దాన్ని తొట్టి మీద బిగించి ఆదివారం సాయంత్రం ప్రారంభోత్సవం పెట్టారు. సెలవు రోజు పనిచేసినందుకు పగడాలకు సోమవారం పరిహార సెలవు మంజూరైంది.

సువర్చల చేతులు జోడించింది. పెట్టెలో ఉన్న తన లైటు వెయ్యమని అడగడం లేదని, ఈ వీధిదీపాన్నే ముందు గుడ్డ కప్పి వెయ్యమని, కొంచెం కొంచెంగా పెంచమని అడిగింది. ఒక్కసారిగా వేస్తే పగడాలు లోపలి నాచును బయటికి కక్కేస్తాయని, ఇక తిండి పెట్టేవాళ్లుండరని చెప్పింది.

"నువ్వు చిన్నపిల్లవమ్మా" అన్నారు విశ్వపతి గారు ఆప్యాయంగా. "వీధిదీపం నెమ్మదిగా వెలగదు."

రిబ్బను కత్తిరించారు. స్విచ్చి వేశారు. ఎదురు బ్లాకులో కాకులు తెల్లారిందనుకుని అరిచాయి. హాల్లో ఉన్నవాళ్లంతా కళ్లు మూసుకుని చప్పట్లు కొట్టారు. ఆ పరిహార సెలవు తప్పించి ఆ వెలుగు రాత్రింబవళ్లు ఉండాలని తీర్మానం. అది వీధిదీపాల శాఖలో ఎన్నడూ సాధ్యం కాని రికార్డని అధ్యక్షులు గర్వంగా చెప్పారు.

వారం తిరక్కుండా పగడాలు తెల్లబడ్డాయి. ముందు నారింజ చుక్కలు పోయాయి, తరువాత పాచి రంగు పోయింది. ఆఖరుకు ఊదా పగడం కూడా కడిగిన ఎముకలా తెల్లగా అయింది. చూడవచ్చినవాళ్లు ఆశ్చర్యపోయారు. ఇన్నాళ్లూ ఎంత మురికి పట్టిపోయి ఉందో చూశారా అన్నారు. ఒకావిడ తన స్టీలు గిన్నెలకు కూడా ఈ లైటు పనిచేస్తుందేమోనని అడిగింది. కార్యవర్గం "పరిశుభ్రత విషయమై గణనీయమైన ప్రగతి సాధింపబడినది" అని నోటీసు బోర్డులో పెట్టింది. ఆరేళ్లు పెరిగిన రంగంతా పోయి తెల్లటి శవం మిగిలితే, దానికి పెళ్లికూతురికి పెట్టినట్టు దిష్టిచుక్క పెట్టాలని అంటున్నారు వీళ్లు.

సువర్చల ఆసుపత్రికి సెలవు పెట్టి తొట్టి దగ్గరే కూర్చుంది. తెల్లబడ్డ పగడం వెంటనే చావదట. కొన్నాళ్లు ఆకలితో బతుకుతుంది. ఆ కొన్నాళ్లలో సరైన వెలుగు మెల్లగా ఇస్తే మళ్లీ రంగు రావచ్చట. సీలు విప్పడానికి అత్యవసర అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టింది. కోరం లేక సమావేశం రెండుసార్లు వాయిదాపడింది. మూడోసారి కోరం సరిపోయేసరికి తొట్టిలోంచి వాసన వచ్చింది.

చచ్చినవాడి కళ్లు చేరడేసి అంటారు. ఇక్కడ దానికి భిన్నంగా జరిగింది. బతికున్నంతకాలం మాదంటే మాదని కొట్టుకున్న రెండు శాఖలూ ఇప్పుడు పగడాల మొహం చూడడానికి ఒప్పుకోలేదు. పశువైతే ఎందుకు చచ్చిందో బాపిరాజు గారు పోస్టుమార్టం నివేదిక ఇవ్వాలి. అందుకని ఆయన, లోతుగా ఆలోచిస్తే ఇది మొక్కేనేమో అన్నారు. సోమసుందరం గారు, నోరున్నదాన్ని మొక్క అనడం శాస్త్రసమ్మతం కాదని ఇన్నాళ్లకు ఒప్పుకున్నారు. ఏదైనా చచ్చిందంటే దేనివల్ల అన్న ప్రశ్న వస్తుంది. దేనివల్ల అంటే తలెత్తి వీధిదీపం చూడాల్సి వస్తుంది. ఎవరూ తలెత్తలేదు.

అప్పుడు మా ఆవిడకు గనుల శాఖలో చేసిన పొట్నూరు చిదంబరం గారు గుర్తొచ్చారు. ఆయన ఇంతవరకూ ఈ వ్యవహారంలో లేరు, కంటి ఆపరేషనై ఇంట్లోనే ఉన్నారు. నల్ల కళ్లద్దాలతో వచ్చారు. ఊదా పగడాన్ని నీళ్లలోంచి తీయించి, గోటితో గీకి, నేలకేసి తట్టి, "సున్నపురాయి" అన్నారు. "నాసిరకం కాదు, మంచి సరుకే."

గదిలో అందరి ఊపిరీ కుదుటపడింది. రాయికి చావు లేదు. చావు లేనప్పుడు కారణం లేదు. కారణం లేనప్పుడు బాధ్యులు లేరు. ఆ సాయంత్రమే సర్వసభ్య సమావేశం పెట్టి తుది ఉత్తర్వు జారీ చేశారు. దాన్ని చదవాల్సింది కార్యదర్శి కనుక మా ఆవిడ లేచి చదివింది: "దరఖాస్తుదారు వారి ఇంట గల సదరు వస్తువు రాయి అని నిర్ధారణ అయినందునను, రాయికి వెలుగు అవసరము లేనందునను, నీలపు లైటు కొరకు పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరించడమైనది. ఫైలు మూసివేయడమైనది."

సువర్చల ముందు వరసలో కూర్చుని ఉంది. ఒళ్లో చేతిరుమాలులో చుట్టిన పగడం ముక్క ఉంది. చిదంబరం గారు పరీక్ష కోసం తట్టినప్పుడు విరిగిన ముక్క అది.

ఫైలు మూశాక సభలో ఒక రకమైన దిగులు కమ్ముకుంది. ఎవరూ లేవలేదు. రేపటి నుంచి మళ్లీ పేపరు మీద సంతకాలే. విశ్వపతి గారు తాడు కట్టిన ఫైలును ఒకసారి నిమిరి, సువర్చల వైపు తిరిగారు. ఆయన గొంతులో నిజమైన ఆశ ఉంది.

"ఇంకేమైనా పెంచే ఆలోచన ఉందా అమ్మా? చేపలో, చిలకలో. ఈసారి ముందే చెప్పు. కమిటీ సిద్ధంగా ఉంటుంది."

ఆ అమ్మాయి లేచి నిలబడింది. పెద్దవాళ్లు అడిగారు కనుక మర్యాదగానే చెప్పింది.

"ఏమీ పెంచనండి. ఇంక ఈ ఇంట్లో నేనేమీ పెంచను."

"మంచిది" అన్నారు విశ్వపతి గారు. సభ ముగిసింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ సమావేశ వివరాలు రాయడానికి కూర్చుంది. నేను వెనకనుంచి చూశాను. ఆఖరి వాక్యం ఇలా ఉంది: "దరఖాస్తుదారు నిర్ణయము పట్ల సంతృప్తి వ్యక్తము చేసినారు."

ఆ పిల్ల అన్నది అది కాదు కదా అన్నాను. "ఆ పిల్ల అన్నదానికి ఆఫీసులో వాక్యం లేదు" అంది మా ఆవిడ. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కింద సంతకం చేసి, తేదీ వేసింది.